సున్నా తప్పుల లిఫ్టు

మనిషికి దక్కిన వరాలన్నిటిలోకీ గొప్పది ఏది? నిప్పా? చక్రమా? నిద్రా? పాఠకులారా, మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఎవరో తప్పుదోవ పట్టించారు. స్పెల్ చెకర్!

అదీ మీ ఫోన్లో ఉండేది కాదు. మీరొకటి కొడితే తనొకటి రాసి నలుగురిలో మీ పరువు తీసే ఆ చిల్లర సరుకు గురించి నేను మాట్లాడను. నేను చెప్పేది కమాండ్ లైన్ స్పెల్ చెకర్ గురించి. నల్లటి తెర. దానిమీద మిణుకుమిణుకుమంటూ ఒక చిన్న గీత. మౌస్ పనికిరాదు, బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. మీరొక కమాండ్ టైపు చేసి ఎంటర్ కొడతారు. అది మీ ప్రోగ్రాములూ, మీ టెక్స్ట్ ఫైళ్ళూ గబగబా చదివేసి ఎక్కడెక్కడ ఏ ఇంగ్లీషు మాట తప్పు రాశారో ఎర్రెర్రగా కక్కుతుంది. పలకరింపు లేదు. మొహమాటం అసలే లేదు. చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు ఇలాగే ఉండేవారు. కాకపోతే ఆయన మధ్యమధ్యలో టీకి వెళ్ళేవారు, మేం కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

మాది లిఫ్టుల కంపెనీ. ఇనుప గదీ, తాళ్ళూ, మోటారూ వేరేవాళ్ళు చేస్తారు. లిఫ్టు ఎక్కడ ఆగాలి, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అని దానికి బుద్ధులు చెప్పే ప్రోగ్రాం మేం రాస్తాం. మేముండే అపార్ట్‌మెంట్లలో ఉన్నవి కూడా మా లిఫ్టులే. అది నా అదృష్టమని నేనంటాను. మా అత్తగారు ఇంకో మాట అంటారు.

ఆవిడ సంగతి ముందే చెప్పేస్తాను, దాచడం దేనికి? మా అత్తగారు మాతోనే, నాలుగో అంతస్తులో ఉంటారు. మోకాళ్ళు అరిగిపోయాయి, చేతికర్ర లేందే నడవలేరు, మెట్లు దిగే ప్రశ్నే లేదు. నోరు మాత్రం భేషుగ్గా ఉంది. రోజూ పొద్దున్న నేనూ మా ఆవిడా పనులకు పోయాక ఆవిడ లిఫ్టు దిగి, కింద బెంచీ మీద ఎదురు బ్లాకులో కింది వాటాలో ఉండే పెద్దావిడతో కూర్చునేవారు. ఈవిడ ఆవిడను 'వదినగారూ' అంటారు. చుట్టరికం ఏమీ లేదు. బెంచీ చుట్టరికమే.

ఇలా ఉండగా ఒకనాడు లిఫ్టు తలుపులకు తొందర పుట్టుకొచ్చింది. తెరుచుకోవడం, ఠక్కున మూసుకోవడం! కుర్రకారు గెంతి లోపల పడుతున్నారు. మా అత్తగారు గెంతుతారా? ఓ రోజు పక్కింటాయన పాపం తలుపును చేత్తో పట్టుకుని "రండి పిన్నిగారూ" అన్నాడు. ఈవిడ కర్ర లోపల పెట్టారో లేదో, తలుపు ఆయన చెయ్యి విదిలించుకుని వచ్చి కర్రను పట్టేసింది. కర్ర రెండు ముక్కలైంది. ఆ రోజు నుంచి ఆవిడ లిఫ్టు గడప తొక్కలేదు.

"అది నన్ను కొరికింది అల్లుడుగారూ" అన్నారు ఆవిడ నాతో. "ఇవాళ కర్ర, రేపు కాలు. తలుపు దానంతటది మర్యాదగా ఆగిన రోజున ఎక్కుతాను. మీరు చేసిన లిఫ్టేగా? కాస్త చెప్పండి దానికి."

చెప్పడం ఎంత పని! తలుపు ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. పది ఉండేది. కరెంటు ఆదా అవుతుందని మావాళ్ళెవరో దాన్ని ఒకటి చేశారు. మళ్ళీ పది చెయ్యాలి, అంతే. ఆఫీసులో కూర్చుని మార్చి పంపిస్తే నెట్‌లో వెళ్ళి లిఫ్టులో కూర్చుంటుంది. చిటికెలో పని కదా అనుకుంటున్నారా? మీలాంటి తొందరపాటు మనుషుల వల్లే ప్రపంచం ఇలా తగలడింది!

ఎందుకంటే ఆ అంకె మారిన మరుసటి వారమే మా ఆఫీసులోకి మన వరప్రసాదం, అదే ఆ స్పెల్ చెకర్, వచ్చింది.

తెచ్చింది మా టీమ్ లీడరు. ఆయన్ని మేం 'ఫుల్‌స్టాప్‌గారు' అంటాం, ఎవరేం చెప్పబోయినా మధ్యలో ఆపేస్తారు కాబట్టి. ఆయన ఆ పరికరాన్ని తెచ్చి మా గుమ్మంలో కాపలా పెట్టారు. ఇకమీదట ఎవరు ఏ ఫైల్లో చెయ్యి పెట్టినా ఆ ఫైలు మొత్తాన్ని అది చదువుతుంది. 'తప్పులు: సున్నా' అని వస్తేనే ఫైలు గడప దాటాలి. "సార్, నేను మార్చింది ఒక్క లైనే, మిగతాదంతా ఎప్పుడో ఎవరో రాసి పోయింది" అంటే కుదరదు. తాకినవాడి నెత్తినే మొత్తం పాపం!

అబ్బ, ఎంత ప్రశాంతతండీ ఆ ఒక్క రూలుతో! ఇదివరకు మా ఆఫీసులో రోజూ ఎవడో ఒకడు ఏదో ఒకటి బాగుచేస్తూ ఉండేవాడు. ఒకటే గోల! 'ఆ మోటారు ఫైల్లో ఇది సరిచేశాను, ఈ బెల్లు ఫైల్లో అది సరిచేశాను' అని పొద్దస్తమానం మెయిళ్ళు. ఇప్పుడో? పాత ఫైళ్ళవైపు ఎవరూ కన్నెత్తి చూడరు. వాటిలో ఏం చెడిపోయిందో అందరికీ తెలుసు. ఎలా బాగుచెయ్యాలో కూడా తెలుసు. తాకితే ఆ ఎర్ర గీతలన్నీ మెడకు చుట్టుకుంటాయని ఇంకా బాగా తెలుసు. తెలిసిన మనుషులు మౌనంగా ఉండటాన్నే కదా సంస్కారం అంటారు?

ఇంకో లాభం వినండి. ప్రోగ్రాం రాసేవాడు మధ్యలో తనలాంటి ఇంకొకడి కోసం నాలుగు మాటలు రాసి పెట్టడం మా వృత్తిలో అలవాటు. 'ఇక్కడ జాగ్రత్త, మోటారు వేడెక్కుతుంది' లాంటివి. మాటలు రాస్తే తప్పులు దొర్లుతాయి. తప్పులు దొర్లితే గడప దాటనివ్వరు. అందుకని మేం మాటలు రాయడమే మానేశాం. తాకక తప్పని ఫైళ్ళలో ఉన్నవి కూడా పీకి పారేశాం. చేతి రాత బాగాలేదని వేళ్ళు నరుక్కున్నట్టుందని అనకండి, దయచేసి. ఫైళ్ళు ఇప్పుడు కడిగిన పలకల్లా ఉన్నాయి.

పేర్లూ అంతే. 'తలుపు తెరిచి ఉంచే సమయం' అని అర్థమయ్యేలా పొడుగాటి ఇంగ్లీషు పేరు పెడితే అందులో ఏదో ఒక అక్షరం అటూ ఇటూ అవుతుంది. అదే 'ఎ' అని పెడితే? 'బి' అని పెడితే? ఒంటి అక్షరాల జోలికి పరికరం రాదు. ఇప్పుడు మేం కొత్తగా రాసే ప్రోగ్రాం నిండా ఎ, బి, సి, డిలే. ఎ ప్రకారం బి తెరుచుకుని, సి లోపు డి మూసుకుంటుంది. ఏది తలుపో ఏది మోటారో రాసినవాడికే తెలియదు. ఒక్క తప్పు చూపించండి చూద్దాం!

అది జోలికి పోనిది ఇంకొకటి కూడా ఉంది. తెలుగు. మన లిపి కనబడితే చాలు, అది తలదించుకుని పక్కనుంచి వెళ్ళిపోతుంది. మా టెస్టింగ్ చేసే అమ్మాయి, మేం 'అనుమానం' అని పిలుస్తాం, ఈ సంగతి కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంటుందా? ఫుల్‌స్టాప్‌గారి మీద తనకున్న అభిప్రాయాలన్నీ ప్రోగ్రాం మధ్యలో చక్కటి తెలుగులో రాసి పెట్టింది. పరికరం చదివింది. తప్పులు: సున్నా. ఫుల్‌స్టాప్‌గారు ఆ సున్నా చూసి "శభాష్, అందరూ ఇలా రాయాలి" అని మీటింగులో మెచ్చుకున్నారు. ఆయన ఫైలు తెరవలేదు లెండి. ఎందుకు తెరుస్తారు, సున్నా వచ్చాక?

అసలు వరం అదే. ఇదివరకు ఒకరు రాసింది ఇంకొకరు కూర్చుని చదవాలి. ఆ చదివేవాళ్ళతో పడే యాతన మీకేం తెలుసు! కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు. "ఇదేంటి, ఇలా చేశావేం? తలుపు మూసుకునేటప్పుడు మధ్యలో పిల్లాడుంటే?" అని పీకుతారు. ఇప్పుడా పీకుడు లేదు. "సున్నా వచ్చిందా?" "వచ్చింది." "అయితే కానీ." చదవడమనే శ్రమ నుంచి చదువుకున్నవాళ్ళకు విముక్తి దొరికింది, ఇంతకంటే నాగరికత ఏముంటుంది?

మా సహోద్యోగి ఒకాయన ఈ సుఖం పడలేక రాజీనామా రాశాడు. పేజీన్నర. లిఫ్టుల్లో ఏమేం ప్రమాదాలున్నాయో, ఎందుకు వెళ్ళిపోతున్నాడో గుండె చించుకుని రాశాడు. ఫుల్‌స్టాప్‌గారు దాన్ని పరికరంలో వేసి, రెండు ఎర్ర గీతలతో తిప్పి పంపారు. ఆయన దిద్ది ఇచ్చాడు. వెంటనే ఆమోదించారు. వెళ్ళేముందు నా దగ్గరకొచ్చి "చదివారంటావా?" అని అడిగాడు. "సున్నా వచ్చిందిగా" అన్నాను.

అలాగని పరికరానికి పక్షపాతం ఉందనుకునేరు. మా యజమాని ఇంటిపేరే తప్పని తేల్చింది! దాని బదులు పందికొక్కుకు దగ్గరగా ఉండే ఇంగ్లీషు మాట వాడమని సలహా కూడా ఇచ్చింది. ఆఫీసంతా ఆ రోజు తలలు వంచుకుని ఎంత శ్రద్ధగా పనిచేసిందో! యజమాని ఇంటిపేరు మాత్రం టీ చల్లారేలోపు 'ఒప్పు మాటల' జాబితాకెక్కింది.

మిగతా మాటలు అంత సులువుగా ఎక్కవు. పరికరానికి తెలియని మాట ఏదైనా తప్పు కాదని నమ్మించాలంటే దానికో సంఘం ఉంది. పదాల సంఘం. ఫుల్‌స్టాప్‌గారు అధ్యక్షులు. లిఫ్టు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే మేడమ్ ఒక సభ్యురాలు. అకౌంట్స్ ఆయన ఇంకో సభ్యుడు. ఆయనెందుకంటే, మీటింగు గది ఎప్పుడూ ఆయన పేరునే బుక్కయి ఉంటుంది, అందుకు. వీళ్ళు బుధవారం బుధవారం కలుస్తారు.

ఇక మా అత్తగారి దగ్గరకొద్దాం. తలుపు ఫైల్లో అంకె మార్చాను. ఒకటి తీసి పది. కమాండ్ కొట్టాను. తెరంతా ఎరుపే! తలుపు ఫైలు మా కంపెనీలో అన్నిటికంటే పాతది. మోటారు కంపెనీవాళ్ళు పెట్టిన వింత పేర్లు, ఎప్పుడో మానేసినవాళ్ళు కల్పించిన పొట్టి మాటలు, అన్నీ అందులోనే ఉన్నాయి. మార్చేద్దామా అంటే మోటారుకు ఆ పేర్లే తెలుసు, కొత్త పేరుతో పిలిస్తే పలకదు. కాబట్టి ప్రతి మాటా సంఘం ముందుకు వెళ్ళాల్సిందే.

నేను మార్చిన అంకె మీద మాత్రం ఒక్క ఎర్ర గీతా లేదు. అంతకు ముందున్న అంకె మీదా ఉండేది కాదు. పరికరం అంకెలు చదవదు.

ఇంటికెళ్ళి ఈ సంగతే విడమరిచి చెప్పాను.

అత్తగారు అంతా విన్నారు. "అంటే, కర్ర విరగ్గొట్టిన అంకెను ఎవరూ ఆపలేదు. దాన్ని బాగుచేసే అంకెను ఆపారు. అంతేగా?"

"అలా అనకూడదు అత్తగారూ. నాణ్యత..."

"సరే, నాణ్యతే. ఎప్పటికవుతుంది?"

అప్పటికి ఆవిడ బెంచీ ముఖం చూసి చాలా రోజులైంది. పొద్దున్న బాల్కనీలోకొచ్చి, కింద కూర్చున్న వదినగారిని కేకేస్తారు. ఆవిడకు చెవుడు. ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసి పట్టేస్తారు. అందుకని ఫోనూ పనికిరాదు. నాలుగంతస్తుల కిందికి పెదాలెలా కనిపిస్తాయి? ఈవిడ "నిద్ర పట్టిందా?" అని అరిస్తే కాలనీ అంతా పట్టిందంటుంది, ఆవిడొక్కరు తప్ప. ఆవిడైనా పైకి వద్దామంటే, అదే లిఫ్టు, అదే తలుపు. ఆవిడకూ కర్రే.

ఆ పైన పిడుగులాంటి వార్త. వదినగారిని వాళ్ళమ్మాయి తనతో తీసుకుపోతోంది. దూరం, బాగా చలి ఊరు. గురువారం పదకొండింటికి కారు.

అత్తగారు ఊలు తెప్పించుకుని మఫ్లర్ అల్లడం మొదలెట్టారు. నీలం రంగుది. పూర్తయ్యాక నా ముందు పెట్టి, "అల్లుడుగారూ, నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. గురువారంలోపు ఆ తలుపు ఆగేలా చూడండి. దీన్ని ఆవిడ మెడకు నా చేత్తో చుట్టి పంపాలి" అన్నారు.

"బుధవారం సంఘం ఉంది. బుధవారం సాయంత్రానికి తలుపు ఆగుతుంది, నాదీ పూచీ" అన్నాను, ఛాతీ మీద చెయ్యేసుకుని.

మా ఆవిడ ఆసుపత్రి మందుల షాపులో పనిచేస్తుంది. మందు పేర్లు రోజంతా చదివి చదివి, మాట తూచి మాట్లాడటం అలవాటైంది. "ఆ సంఘాలూ అవీ ఎందుకు? గురువారం ఇద్దరం ఓ పూట సెలవు పెడదాం. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకెళదాం" అంది.

నాకు నవ్వొచ్చింది. "చేత్తో మొయ్యడమా! అది తాత్కాలిక పరిష్కారం. నేను మూలంలోనే బాగుచేస్తున్నా" అన్నాను. ప్రోగ్రాం రాసేవాళ్ళం ఇలాగే మాట్లాడతాం, మమ్మల్ని క్షమించకండి.

బుధవారం సంఘం వాయిదా పడింది. అకౌంట్స్ ఆయనకు పంటినొప్పి. గురువారం పదింటికి అన్నారు. లెక్క వేసుకున్నాను. అరగంటలో మాటలన్నీ అయిపోతాయి, పదకొండింటికి ముందే తలుపు ఆగుతుంది. ఏం కంగారు!

గురువారం పదింటికి కూర్చున్నాం. మొదటి మాట మీదే అకౌంట్స్ ఆయన "దీనికి అర్థం?" అన్నారు. అర్థం చెప్పాను. "అలాంటి అర్థానికి వేరే మాట లేదా?" అన్నారు మేడమ్. లేదన్నాను. "ఉంటే బాగుండేది" అన్నారు. ఫుల్‌స్టాప్‌గారు మధ్యలో ఆపారు. టీ వచ్చింది. రెండో మాట. మూడో మాట. "సార్, ఇవన్నీ మోటారు పేర్లు. నాకు అర్జెంటు. ఒక పెద్దావిడ..." అన్నాను. "పెద్దావిడ అన్న మాట ఫైల్లో ఉందా?" అన్నారు ఫుల్‌స్టాప్‌గారు. లేదు. "అయితే తర్వాత."

ఫోను మోగింది. అత్తగారు. "మంచి బట్టలు కట్టుకుని లిఫ్టు ముందే నిలబడ్డాను. తలుపింకా ఠక్కుఠక్కుమంటోందే?"

"ఇంకొక్క నాలుగు మాటలు అత్తగారూ, అయిపోవచ్చింది."

"కారు వచ్చేసింది. సామాను ఎక్కిస్తున్నారు."

"వస్తోందండీ, వస్తోంది. అక్కడే ఉండండి."

అక్కడే ఉన్నారావిడ. గోడకానుకుని నిలబడే ఉన్నారట. పక్కింటాయన తర్వాత చెప్పాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక అడుగు ముందుకెయ్యడం, మూసుకోగానే వెనక్కెయ్యడం. కింద కారు తలుపుల చప్పుడు వినిపించేసరికి కొత్త కర్ర టకటకలాడించుకుంటూ బాల్కనీలోకి పరుగెత్తారట. ఆవిడ నడకకు అది పరుగే. గొంతు చించుకుని పిలిచారు. వదినగారు తల ఎత్తలేదు, వినబడితే కదా! ఆఖరికి మఫ్లరును ఉండచుట్టి విసిరారు. అది గాల్లో విప్పుకుని, రెండో అంతస్తువాళ్ళ ఏసీ పెట్టె మీద పడింది. కారు వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే మీటింగు గదిలో చప్పట్లు కొట్టారు. అన్ని మాటలూ ఆమోదం పొందాయి. తప్పులు: సున్నా! ఫుల్‌స్టాప్‌గారు నా భుజం తట్టి, "చూశావా, ఓపిక పడితే ఎంత శుభ్రంగా వచ్చిందో!" అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లిఫ్టు మర్యాదస్థురాలై కూర్చుంది. తలుపు తెరుచుకుని, ఎవరైనా వస్తారేమోనని నిదానంగా చూసి, అప్పుడు మూసుకుంటోంది. నాకు ఆనందం పట్టలేదు. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బటన్ నొక్కాను. తలుపు తెరుచుకుంది. ఆగింది.

ఆవిడ దాన్ని ఎగాదిగా చూశారు. కర్రతో గడప మీద ఒకసారి తట్టారు.

"బాగానే ఆగుతోంది" అన్నారు. "ఇప్పుడు ఎవరికోసం దిగమంటారు, అల్లుడుగారూ?"

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. మామూలుగానే అన్నారు. అని, వెనక్కి తిరిగి లోపలికెళ్ళిపోయారు. తలుపు పది సెకన్లూ ఆగి మూసుకుంది. మఫ్లరు ఇప్పటికీ ఆ ఏసీ పెట్టె మీదే ఉంది. రెండో అంతస్తువాళ్ళు ఊళ్ళో లేరు.

నాకేం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు మావాళ్ళు చేసేదే చేశాను. నల్ల తెర తెరిచి, అత్తగారు అడిగిన ప్రశ్నను తెలుగులోనే, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, ఎంటర్ కొట్టాను.

తప్పులు: సున్నా.